రబ్బరులో దాగిన గాలి

ల్యాబ్‌లో అందరూ ఆమెను బుడగమ్మ అంటారు. సీసాలో సముద్రపు నీళ్ళు పట్టేటప్పుడు ఆవగింజంత బుడగ కనిపించినా సరే, నీళ్ళన్నీ ఒంపేసి మళ్ళీ మొదలుపెడుతుందని వచ్చిన పేరు. మొదట్లో చాటుగా అనుకునేవాళ్ళు. తర్వాత ముఖం మీదే పిలవసాగారు. ఇప్పుడు ఆఫీసు గుమాస్తా కూడా అలాగే పిలుస్తాడు, ఆమె పలుకుతుంది.

ఆ ల్యాబ్‌లోకి గాజుసామాను కడిగే మనిషిగా వచ్చింది. కడిగిన సీసా వెలుగులోకి ఎత్తి చూసుకునే అలవాటే ఆమెను టెక్నీషియన్‌ని చేసింది. తల్లి పోయేనాటికి చెల్లెలికి జడ వేసుకోవడం కూడా రాదు. ఆ పిల్లను చదివించి, పెళ్ళి చేసి, చివరికి తను పనిచేసే చోటే కాంట్రాక్టు ఉద్యోగం వేయించింది. చెల్లెలూ, ఆమె భర్తా, అక్కా అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. మరిదికి ఏ కూర వడ్డించినా వదినా ఉప్పు చాల్లేదంటాడు. ఆమె ఉప్పు డబ్బా అతని ముందు పెట్టి తన పని తను చూసుకుంటుంది.

పని నేర్పిన మొదటి రోజు చెల్లెలు ఎత్తైన స్టూలు మీద కాళ్ళూపుతూ కూర్చుంది.

"పైన బతికినవన్నీ చచ్చి కిందికి జారతాయి," అంది అక్క. "జారుతూ కుళ్ళుతుంటే నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ అంతా ఖర్చయిపోతుంది. కొంత లోతుకి వెళ్ళేసరికి ఊపిరికి ఏమీ మిగలదు. అక్కడుండే బాక్టీరియా నైట్రేటుతో ఊపిరి తీస్తాయి."

"ముక్కే లేదు, ఊపిరేంటక్కా?"

"నీకు బుర్ర లేకపోయినా ఉద్యోగం రాలేదూ? అలాగే."

చెల్లెలు నవ్వింది. "నైట్రేటంటే ఎరువేగా?"

"ఎరువే. దాన్ని మెట్టుమెట్టుగా విరగ్గొట్టి చివరికి నైట్రోజన్ గాలిగా వదిలేస్తాయి. అది పైకొచ్చి ఆకాశంలో కలిసిపోతుంది. సముద్రానికి అంత ఎరువు నష్టం."

"దొంగలన్నమాట."

"దొంగలెందుకవుతాయి? ఉన్నదాంతో బతుకుతున్నాయి, అంతే. కాస్త ఆక్సిజన్ తగిలిందంటే మాత్రం ఆ పని ఆపేస్తాయి. అందుకే బుడగ రాకూడదు."

బుడగ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాంతో పెద్ద గొడవ లేదు. అసలు గొడవంతా సీసాకి బిగించే రబ్బరు మూతతో. రబ్బరు స్పాంజిలాగా గాలిని తనలో దాచుకుంటుంది. ఎంత గట్టిగా బిగించినా, లోపలి నుంచే ఆ గాలిని కొంచెం కొంచెంగా నీళ్ళలోకి వదులుతుంది. సీసా బయటికి భేషుగ్గా కనిపిస్తుంది, లోపల బాక్టీరియా పని మానేసి ఉంటాయి. అందుకని లోతు నీళ్ళ కోసం ఓడ ఎక్కడానికి చాలా ముందే బుడగమ్మ మూతలన్నిటినీ ఒక గాజు జాడీలో వేసి, అందులోంచి గాలి లాగేసి, బెలూన్లలో నింపే హీలియం పట్టి, కొన్నాళ్ళకి మళ్ళీ లాగేసి, మళ్ళీ పట్టి, చివరికి మూత చుట్టూ పచ్చ టేపు వేస్తుంది. ఆ టేపు అంచును లోపలికి మడిచి నొక్కడం ఆమె అలవాటు. ఇంకెవరూ అలా చేయరు.

ఈసారి ఓడలో పరిశోధన నడిపే మేడంతో పాటు అక్కాచెల్లెళ్ళిద్దరూ వెళ్ళారు. నీళ్ళు తీసే రోజు పొద్దున బుడగమ్మ ఇనుప నిచ్చెన మీద కాలు జారి చీలమండ బెణికించుకుంది. పాదం కుండలా వాచింది. క్యాబిన్‌లో పడుకుని, పైన యంత్రం తాడు చుడుతున్న చప్పుడు వింటూ, ఏ లోతు నీళ్ళు వస్తున్నాయో మనసులో లెక్క వేసుకుంది. సాయంత్రం చెల్లెలు తడిసిన బట్టలతో లోపలికి వచ్చింది.

"అయిందా?"

"అయిందక్కా. అంతా నువ్వు చెప్పినట్టే."

బుడగమ్మ ఆ రాత్రి నొప్పి మరిచి నిద్రపోయింది.

ఒడ్డుకి వచ్చాక ఆ సీసాల్ని యంత్రంలో పరీక్షించారు. నైట్రోజన్ గాలి అంతటా ఉండేదే కాబట్టి, బాక్టీరియా చేసిందేదో గుర్తుపట్టడానికి సీసాల్లో బరువైన నైట్రోజన్ ఉన్న నైట్రేటు కలుపుతారు. ఆ బరువైన నైట్రోజన్ గాలిగా మారి కనిపిస్తే బాక్టీరియా పనిచేసినట్టు. ఏ సీసాలోనూ కనిపించలేదు. యంత్రం గీసిన గీత చాప పరిచినట్టు పడుకుంది.

డైరెక్టరు మీటింగు పెట్టాడు. ఓడ ప్రయాణం వృథా అయితే ఆయన పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి. మేడం బల్లకి ఆ చివర కూర్చుంది. బుడగమ్మను ఉద్యోగంలో పైకి తెచ్చింది ఆవిడే.

"మూతల్లో గాలి మిగిలిపోయింది సార్," అంది మేడం. "ఇంకో కారణం కనిపించడం లేదు."

"మూతలు సిద్ధం చేసిందెవరు?"

మేడం చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు బల్ల మీది నీళ్ళ గ్లాసును అటూ ఇటూ తిప్పుతోంది.

"అక్కే సార్. నేను జాడీలోవే వాడాను."

చెల్లెలి మీద అనుమానం బుడగమ్మ మనసులోకి రానే లేదు, తన చేతుల మీదే వచ్చింది. "నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాను సార్," అంది.

తర్వాతి ప్రయాణానికి ఆమె పేరు తీసేసి చెల్లెలి పేరు వేశారు. ఆమె ఎదురు చెప్పలేదు. హీలియం గొట్టం కీలు కీలు విప్పి సబ్బునురుగు రాసి చూసింది. పంపు నూనె మార్చింది. ఎక్కడా తప్పు దొరకలేదు. కళ్ళు తగ్గాయేమోనని డాక్టరు దగ్గరికి వెళ్ళి కొత్త అద్దాలు పెట్టించుకుంది. ఇంట్లో పాలగిన్నె మీద మూత పెట్టి, సరిగ్గా పెట్టానా లేదా అని వెనక్కి వచ్చి చూసుకునేది. మరిది నవ్వి, "వదినకి చాదస్తం మొదలైంది," అన్నాడు. చెల్లెలు నవ్వలేదు. కంచం తీసుకుని లేచిపోయింది.

ఓడలో తాడు యంత్రం నడిపే ముసలాయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఓ మధ్యాహ్నం ఆయన చంకలో గోనెసంచి మూటతో ల్యాబ్‌లోకి వచ్చాడు.

"బుడగమ్మా, నీ సొమ్ము మా తాళ్ళగదిలో ఉండిపోయింది. మూల సర్దుతుంటే బయటపడింది. లోపల నల్లగా ఉన్నాయి, ఏంటవి, రేగుపళ్ళా?"

ఆమె సంచి విప్పింది. గాజు జాడీ, దాని చుట్టూ పచ్చ టేపు. టేపు అంచు తను లోపలికి మడిచి నొక్కినట్టే ఉంది, ఎవరూ విప్పలేదు.

"అలా కూలబడ్డావేంటమ్మా? టీ తెప్పించనా?"

"వద్దు బాబాయ్. మీరు వెళ్ళండి."

ఆమె జాడీని వెలుగులోకి ఎత్తి చుట్టూ తిప్పి చూసింది. కొత్త అద్దాల్లోంచి అంతా బాగానే కనిపిస్తోంది.

ఇంటికి వెళ్ళేసరికి చెల్లెలు వంటింట్లో గిన్నెలు తోముతోంది. బుడగమ్మ జాడీని గట్టు మీద పెట్టింది. చెల్లెలు చూసింది. చేతులకి సబ్బు అలాగే ఉంది.

"ఎక్కడ పెట్టారో కనపడలేదక్కా. నీళ్ళు పైకి వచ్చేశాయి, ఆగవుగా. ప్యాకెట్లో ఉన్న కొత్త మూతలు పెట్టేశా."

"సరే. కంగారులో పెట్టావు. ఆ సాయంత్రం నాతో ఎందుకు చెప్పలేదు?"

చెల్లెలు కొళాయి కట్టేసింది. "మేడంకి చెప్పాను."

"ఎప్పుడు?"

"ఓడలోనే. మర్నాడు పొద్దున." చెల్లెలు నేల చూస్తూ గబగబా చెప్పేసింది. "బయటపడితే నా కాంట్రాక్టు తీసేస్తారంది. మీ అక్కది పర్మనెంటు, ఆవిణ్ణెవరూ కదిలించరు, ఒక్క మాట పడితే పోయేదేముంది అంది. నీ మంచికే కదా, ఇంట్లో ఇద్దరి జీతాలూ ఉంటాయి కదా అని..."

బుడగమ్మకి ఆ మీటింగు గది కళ్ళ ముందుకు వచ్చింది. ఆ చూపు, తిరుగుతున్న ఆ గ్లాసు. ఆ గదిలో ఏం జరగబోతోందో తెలియనివాళ్ళు తనూ డైరెక్టరూ మాత్రమే. తను ఇన్నాళ్ళూ గొట్టాలకి నురుగు రాస్తుంటే మేడం రోజూ పక్కనుంచే నడిచి వెళ్ళింది. ఒకసారి ఆగి, "మరీ మనసు కష్టపెట్టుకోకండి," అని భుజం కూడా తట్టింది.

"నన్నడగొచ్చుగా," అంది బుడగమ్మ.

"అడిగితే నువ్వు..."

"ఒప్పుకునేదాన్ని. ఆ తప్పు నాదేనని నేనే చెప్పేదాన్ని. నువ్వడిగితే ఎప్పుడు కాదన్నాను?"

చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. చిన్నప్పుడైతే ఆ ఏడుపుకి బుడగమ్మ కాలు నిలిచేది కాదు. ఇప్పుడు తువ్వాలు తీసి గట్టు మీద, చెల్లెలి చేతికి అందేలా పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది.

మూతలు సిద్ధం చేసే పని ఆమెదే. ఓడ మీద ఎవరు వెళ్ళినా అంతే. కొత్త జాడీ తీసి, గాలి లాగి, హీలియం పట్టి, మళ్ళీ లాగి, మళ్ళీ పట్టింది. ఏదీ తగ్గించలేదు. టేపు వేసే రోజు మేడంనీ చెల్లెలినీ బల్ల దగ్గరికి పిలిచింది. అంచు లోపలికి మడిచి నొక్కి, టేపు మీద తన సంతకం పెట్టింది. పెన్ను మేడంకి ఇచ్చింది.

"ఇదెందుకండీ?" అంది మేడం. "ఇన్నేళ్ళూ మీ మాట చాల్లేదా నాకు?"

"మీ మాట నాకూ చాలేది మేడం."

మేడం సంతకం పెట్టి, పెన్ను బల్ల మీద వదిలేసి తన గదికి వెళ్ళిపోయింది. చెల్లెలు పెన్ను ముట్టుకోలేదు.

"ఇంట్లో మనిషి చేత కూడా సంతకమేనా అక్కా?"

"ఇది ల్యాబు. పెట్టు."

నున్నటి టేపు మీద పెన్ను జారింది. చెల్లెలు దిద్ది దిద్ది రాసింది. బుడగమ్మ అద్దాలు సర్దుకుని మూడు పేర్లూ సరిచూసుకుంది. జాడీని పెట్టెలో పెట్టి, పెట్టె ఎక్కడ ఉంటుందో బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పింది.

పాత జాడీ, టేపు విప్పకుండానే, ఆమె బీరువాలో పై అరలో ఉంది. లోపలి మూతలు ఇంకా పనికొస్తాయేమో. ఓడ బయల్దేరే ముందు చెల్లెలు వచ్చి, ఎందుకైనా మంచిది, అది కూడా తీసుకెళ్తానని అడిగింది. బుడగమ్మ ఇవ్వలేదు.