రోజా లేనోళ్ల బంతి

కొత్తగూడ దాటాక తారు రోడ్డు అయిపోతుంది. అక్కడినుంచి ఎర్రమట్టి బాట. మే నెల మొదట్లో, మిట్టమధ్యాహ్నం, మా లారీ క్యాంపు గేటు ముందు ఆగింది. ముళ్లకంచె, ఇసుక బస్తాలు, నాలుగు రేకుల షెడ్లు, ఒక బోరు. రేకు మీద చెయ్యి పెడితే బొబ్బ లేచే ఎండ. కేంద్ర బలగాల్లో చేరి ఎడారి చూశాను, మంచు చూశాను. చివరికి ఇంటి పక్క అడవిలో పోస్టింగ్ వచ్చింది. నర్మెట్టలో మా ఇంటికి సగం రోజు ప్రయాణం కూడా లేదు. సెలవు మాత్రం ఇవ్వలేదు.

నేను సెక్షన్ కమాండర్ని. పని ఒక్కటే. తెల్లారకముందే బయలుదేరి భూపాలపల్లి వైపు అడవిలో గస్తీ తిరిగి, మధ్యాహ్నం దాటాక క్యాంపు చేరాలి. తుపాకి, తూటాలు, బరువైన జాకెట్టు, మనిషికి రెండు సీసాల నీళ్లు. ఆపరేటర్‌కు వీటి మీద వైర్‌లెస్ సెట్టు అదనం. తోవలో వాగులు ఉన్నాయి. మే నెలలో వాటిలో ఇసుక తప్ప ఏమీ లేదు.

మేము దిగిన వారంలోనే రంజాన్ మొదలైంది. క్యాంపులో ముస్లింలం ముగ్గురం. నేను, నా ఆపరేటర్, స్టోర్ హవల్దార్.

స్టోర్ హవల్దార్ గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది. పట్నం మనిషి. బూట్లు, దుప్పట్లు, నీళ్ల సీసాలు లెక్కపెట్టి ఇవ్వడం ఆయన డ్యూటీ. క్యాంపులో ఉన్న ఒకే ఒక్క కూలర్ ఆయన స్టోర్లోనే ఉండేది, దుప్పట్లకు చెమట పట్టకుండా కాబోలు. తెల్లవారుజామున సహరీలో కడుపునిండా తిని, పొద్దెక్కేదాకా పడుకుని, నమాజుకు లేచి, మళ్లీ పడుకునేవాడు. సాయంత్రం అరచేతిలో ఖర్జూరం పెట్టుకుని, ఫోన్లో తనను తానే వీడియో తీసుకుని, బంధువులందరికీ పంపేవాడు. ఆకలిని నిద్రలో దాటించేవాడికి ఆకలి ఏం తెలుస్తుంది?

ఒకసారి క్యాంపులో పెద్ద ఇఫ్తార్ పెట్టారు. ఒక నాయకుడు వచ్చాడు. ఫొటో అయ్యేదాకా టోపీ పెట్టుకున్నాడు, బిర్యానీ రాగానే తీసి జేబులో దోపుకున్నాడు. రోజా ఎందుకుంటారని ఒక్కరూ అడగలేదు. ముక్కలు తక్కువ పడ్డాయని మాత్రం చాలామంది అడిగారు. స్టోర్ హవల్దార్ ఆ ఫొటోలో నాయకుడి భుజం పక్కనే ఉన్నాడు, నెల రోజులూ ఆయన సాధించింది అదే.

మా అబ్బ నర్మెట్టలో పరుపులు కుట్టేవాడు. పత్తి దుమ్ము గొంతులో ఇరుక్కుంటున్నా రోజా వదిలేవాడు కాదు. రోజా అంటే కడుపు మాడ్చుకోవడం ఒక్కటే కాదనేవాడు. నోటికీ రోజా ఉండాలి. అబద్ధం, చాడీ, ఒకడిని చిన్నబుచ్చే మాట, అవి నోట్లోంచి వస్తే పొద్దంతా ఎండినా దక్కేది ఆకలే అనేవాడు. రోగికీ ప్రయాణంలో ఉన్నవాడికీ అల్లా మినహాయింపు ఇచ్చాడని, తప్పిన రోజాలు తర్వాత ఖజాగా ఉండి తీర్చుకోవచ్చని కూడా చెప్పేవాడు. దయతో ఇచ్చినదాన్ని తోసెయ్యడం భక్తి కాదు, పొగరు అనేవాడు.

అందుకే నేను మొదటి రోజే ఆపరేటర్‌కు ఆర్డర్ ఇచ్చాను. గస్తీ రోజున రోజా లేదు. క్యాంపులో ఉన్న రోజున ఉండు. తప్పినవి చలికాలంలో తీర్చుకుందాం. నేనూ అట్లాగే చేశాను.

ఆపరేటర్‌ది మానుకోట దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఉర్దూ ముక్కలు ముక్కలుగా వస్తుంది. స్టోర్ హవల్దార్‌కు అదొక వేళాకోళం. ఒక సాయంత్రం గస్తీనుంచి వచ్చిన కుర్రవాడు స్నానం చేసి ఇఫ్తార్ దగ్గర కూర్చున్నాడు. స్టోర్ హవల్దార్ వాడి ముందున్న పళ్లెం అందరూ చూస్తుండగా వెనక్కి లాక్కున్నాడు.

"రోజా లేనోళ్ల బంతి ఆ చివరకు. జావ్, గాడ కూసో," అన్నాడు.

ఆపరేటర్ లేచి వెళ్లిపోయాడు. నేను ఆ పూట కాపలా గూటిలో ఉన్నాను. వంటాయన వచ్చి చెబితే తెలిసింది. స్టోర్ హవల్దార్ దగ్గరికి వెళ్లి మాట్లాడాను. ఆయన తస్బీ పూసలు తిప్పుతూనే, దీన్ విషయంలో, అంటే మతం విషయంలో, మొహమాటం పనికిరాదన్నాడు. కూలర్ కింద కూర్చుని చెప్పాడు ఆ మాట.

మూడు రోజుల తర్వాత గస్తీ. ఆ వేళ ఆపరేటర్ మంచి హుషారుగా ఉన్నాడు. ఎవరు అడిగినా తన సీసా ఇచ్చాడు. పెద్ద మనసని అందరూ మెచ్చుకున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మా సీసాలన్నీ అడుగంటాయి. వాగులోకి దిగాం. ఇసుక నిప్పుల్లా ఉంది. నా ముందు నడుస్తున్న ఆపరేటర్ సెట్టుతో సహా పక్కకు ఒరిగిపోయాడు.

పట్టుకుని చూశాను. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది వీడు సీసాలు ఎందుకు పంచాడో. నీడకు లాగి, జాకెట్టు విప్పి, సెట్టు అందుకున్నాను.

"కంట్రోల్, ఒకరు పడిపోయారు. గాయం కాదు, ఎండదెబ్బ. ఓవర్."

"ఎవరు? ఓవర్."

"ఆపరేటర్."

"మరి సెట్టు మీద ఎవరు?"

"నేనే. బండి పంపండి."

బండి రోడ్డు మీదికే వస్తుంది. అక్కడిదాకా వీణ్ని మోయాలి. నీళ్లు పడకపోతే దారిలోనే పోతాడు. ఒడ్డు మీద తునికాకు కోస్తున్న ఒక కోయావిడ మమ్మల్ని చూసి, మోపు కింద పెట్టి దిగి వచ్చింది. ఆమె భుజాన ఎండిన ఆనిగపుకాయ బుర్ర వేలాడుతోంది. అందులో నీళ్లు. ఏమీ అడగకుండా మోకాళ్ల మీద కూర్చుని బుర్ర వాడి నోటి దగ్గర పెట్టింది.

వాడు పళ్లు బిగించాడు. మొహం తిప్పుకున్నాడు.

"అన్న, జర వదిలెయ్. పొద్దు గూకెదాంక ఉంటా. ఇయ్యాలన్న నన్ను రోజా ఉన్నోళ్ల బంతిల కూసోనియ్," అన్నాడు.

నా జీవితంలో శత్రువుల మీద కూడా అంత అసహ్యం కలగలేదు. ప్రాణం పోతున్న మనిషికి కావలసింది ఒక పళ్లెం ముందు చోటు. అది లాక్కున్నవాడు ఆ సమయానికి కూలర్ కింద గుర్రు పెడుతుంటాడు.

"తమ్మీ, ఒక్కటి చెప్పు. నువ్వు అల్లా కోసం రోజా ఉన్నవా, గా స్టోరోని కోసం ఉన్నవా? అల్లా కోసమైతే, గిసొంటప్పుడు తాగుమన్నది ఆయినే. గానికోసమైతే గది రోజానే కాదు," అన్నాను.

వాడు నన్ను చూశాడు. కళ్లల్లో నీళ్లు రావాలి, కానీ ఒంట్లో నీళ్లు లేవు. నోరు తెరిచాడు.

కర్రలకు దుప్పటి కట్టి రోడ్డుదాకా మోశాం. మానుకోట దవాఖానలో సెలైన్ ఎక్కించారు. బతికాడు.

ఆ సాయంత్రం క్యాంపులో స్టోర్ హవల్దార్ ఎదురొచ్చాడు. కుర్రవాడు ఎట్లా ఉన్నాడని అడగలేదు. "అరె, ఇంకొన్ని గంటలైతే రోజా పూరా అవుతుండె గదా," అన్నాడు. ఆయనకు జవాబిస్తే నా మాటలే మైలపడతాయి. ఇఫ్తార్ వేళకు నా పళ్లెం తీసుకుని ఆ చివర, రోజా లేనోళ్ల బంతిలో కూర్చున్నాను. నా సెక్షన్ మొత్తం, రాముణ్ణి కొలిచేవాడూ సమ్మక్కను మొక్కేవాడూ, ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూర్చున్నారు. స్టోర్ హవల్దార్ తన ఖర్జూరాన్ని ఒంటరిగా వీడియో తీసుకున్నాడు. నెల ముగిసేదాకా నేను రోజా ఉన్న రోజున కూడా అక్కడే విప్పాను. దవాఖాననుంచి వచ్చాక ఆపరేటర్ కూడా అక్కడే, నా కుడిపక్కన.

ఇప్పుడు సర్వీసు అయిపోయింది. జనగామలో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర కాపలా ఉంటున్నాను. రంజాన్ వస్తే మీ ఇఫ్తార్ పార్టీలన్నీ నా కళ్ల ముందే జరుగుతాయి. అవే టోపీలు, అవే ఫొటోలు, ఫ్లెక్సీల్లో అవే నవ్వులు. మొన్న ఒక బట్టల దుకాణం సాబ్ కారు దిగుతూ, డ్యూటీల రోజాలు ఎన్ని ఎగ్గొట్టినవని నవ్వుతూ అడిగాడు. తప్పినవన్నీ తీర్చానని చెప్పలేదు. చలికాలంలో, మానుకోటలో ఆపరేటర్, ఇక్కడ నేను, ఒకే రోజు ఖజా ఉండేవాళ్లమని, పొద్దుగూకాక ఫోన్ చేసుకుని నీళ్లు తాగేవాళ్లమని చెప్పలేదు. ఫొటో లేని రోజా ఆ సాబ్‌కు అర్థం కాదు. కారు అటు పక్కన పెట్టుకొమ్మని చెయ్యి చూపించాను.

లోపల అజాన్ వినబడుతుంది. ఖర్జూరం నోట్లో పెట్టుకోగానే ఆ వాగు ఒడ్డే కనబడుతుంది. ఆ తల్లి బుర్రను తలకిందులుగా వంచి, ఆఖరి చుక్క కూడా వాడి నోట్లో పడేదాకా పట్టుకుంది. ఖాళీ బుర్ర భుజానికి తగిలించుకుంది. మోపు తలకెత్తుకుని మళ్లీ ఆకు కోయడానికి ఎండలోకి వెళ్లిపోయింది. చీకటి పడి గూడెం చేరేదాకా ఆమెకు ఒక్క గుక్క నీళ్లు లేవు.