రసమట్టంలో బుడగ

టైల్స్ మేస్త్రి పనిలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోడు. రసమట్టంలో బుడగ రెండు గీతల మధ్య నిలిస్తేగాని రెండో పలక ముట్టడు. ఒంటి విషయంలోనూ అదే తెలివి చూపించాడు మహానుభావుడు.

నడుము ఆపరేషన్ అయ్యాక డాక్టరు కొన్నాళ్లకని నల్లమందు జాతి తెల్ల నొప్పి మాత్రలు రాశాడు. గడువు దాటినా ఎలాగోలా సంపాదించి మింగుతూనే ఉన్నాడు. వాటితో కునుకు ముంచుకొస్తుంటే, నిద్ర రానివ్వని ఎర్ర మాత్ర ఇంకొకటి జోడించాడు. తెల్లది కిందికి లాగుతుంది, ఎర్రది పైకి లేపుతుంది, బుడగ మధ్యలో ఉంటుంది! అన్నీ మానేశానని భార్య దగ్గర ఒట్టు కూడా పెట్టాడు.

ఓ రోజు అతనితో పనిచేసే బావమరిది, ఇద్దరు పిల్లల తండ్రి, మోకాళ్లు పట్టేసి గోడకు చేరగిలబడ్డాడు.

"ఈ జోడీ వేసుకో. నాకేమైనా అయిందా?" అంటూ మేస్త్రి జేబులోంచి తీసిచ్చాడు. భోజనాలయ్యాక కూడా నొప్పి తగ్గలేదంటే ఇంకో తెల్లది ఇచ్చాడు. మూడింటికల్లా బావమరిది సగం పరిచిన గదిలో ఒరిగిపోయాడు. పెదాలు నీలంగా మారాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఏం మింగాడు?"

పరుగున వచ్చిన మేస్త్రి భార్య పక్కనే నిలబడి ఉంది. మేస్త్రి ఓసారి భార్య వైపు చూశాడు. "ఏం లేదమ్మా, నీరసమేమో" అన్నాడు.

డాక్టరమ్మ మళ్లీ అడిగింది. లోపల బావమరిదికి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాకగాని అతని చెయ్యి జేబులోకి పోలేదు.

మాత్రల అట్టలు చూడగానే డాక్టరమ్మ విరుగుడు ఇంజెక్షన్ కోసం కేకేసింది. ఊపిరి కుదుటపడ్డాక అంది: "అవి ఒకదాన్నొకటి సరిచెయ్యవయ్యా. ఎర్రది ఉన్నంతసేపూ తెల్లదాని మత్తు తెలీదు. చాల్లేదని ఇంకోటి మింగుతారు. ఎర్రది ముందు దిగిపోతుంది, తెల్లది ఊపిరిని నొక్కేస్తుంది. మధ్యలో గుండెకీ దెబ్బే."

భార్య ఆ అట్టల మీది ఖాళీ గుంటలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. సిగ్గుతో చితికిపోయాడు.

సాయంత్రం బావమరిది కళ్లు తెరిచాడు. మంచానికి అవతల అక్క గ్లాసులో నీళ్లు పోస్తోంది. అతను మేస్త్రి చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు.

"బావా, కంగారుపడకు. నువ్విచ్చావని అక్కకి చెప్పన్లే."

మేస్త్రి తలెత్తలేకపోయాడు.

"చెప్పేశాన్రా. నీకు ఊపిరాడనప్పుడు నాలుగు నిమిషాలు నా పరువు చూసుకుని, ఆ తర్వాత చెప్పాను."