బల్ల కాలి కింది పుస్తకం

ముందు సంగతి చెప్పేస్తాను, దాచుకునే ఓపిక నాకు లేదు. మా నాయన మాట పంచాయతీ తీర్మానాల పుస్తకంలోకి ఎక్కింది. నవ్వులతో సహా.

మాది శింగనమల దగ్గర ఊరు. గొర్రెలు కాసే మా ఇంట్లో డిగ్రీ పాసైంది నేనొక్కదాన్నే. ఏదో సర్టిఫికెట్టు కోసం పంచాయతీ ఆఫీసుకు వెళ్తే, కార్యదర్శి బల్లకున్న పొట్టి కాలి కింద లావుపాటి పుస్తకం కనిపించింది. లాగి చూశాను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, రాజ్యాంగం రాసుకున్న సభలో ఎవరేం మాట్లాడారో అచ్చేసిన సంపుటం! ఫోటో పంపితే మా కాలేజీ లెక్చరర్ వెంటనే ఫోన్ చేశారు. అది తొలి ముద్రణట, పెద్ద లైబ్రరీల్లో కూడా దొరకడం కష్టమట.

కార్యదర్శికి మాత్రం ఊగే బల్లే కనిపించింది.

"ఏమ్మా, ఆ చెత్త పీకితే బల్ల ఎట్ల నిలబడల్ల?"

"ఇటుక పెట్టుకోండి సార్. ఇది చదివి తెచ్చిస్తా."

"చదువుకో, చదువుకో. మంత్రి అయితావులే."

ఈయన రాత సంగతి ఊరందరికీ తెలుసు. రేపు గ్రామసభ అంటే ఈరోజే తీర్మానాలు రాసి పెట్టుకుంటాడు. 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అన్న ఒక్క ముక్క నేర్చుకుని ఉద్యోగమంతా దాని మీదే లాగించేస్తున్నాడు. గొర్రెలకు నీళ్ల తొట్టి కావాలని మా నాయన మూడు సభల్లో లేచి అడిగాడు. చివరికి మండలాఫీసుకు వెళ్తే, మీ ఊరి తీర్మానాల్లో తొట్టి మాటే లేదని పంపేశారు.

ఇంట్లో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ ఇంగ్లీషు పుస్తకం చదివాను. మధ్యలో ఎవరు అడ్డొచ్చారో, ఎక్కడ నవ్వారో, అదీ అచ్చేశారు. నాయనకు చెప్తే నమ్మలేదు.

"నవ్విందీ రాసినారా పాపా? మనోడు నేను అడిగిందే రాయలేదే!"

మొన్నటి గ్రామసభకు పుస్తకం పట్టుకుని వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. నాయన నాలుగోసారి లేచాడు.

"సార్, చెరువు ఎండిపోయుండాది. తొట్టి యాడ కట్టిస్తారో చెప్పండి."

"ఏమప్పా, నీ గొర్లు ఓటేస్తాయా?" అన్నాడు సర్పంచి పక్కనున్న నాయకుడు. ఆ మనిషి పెద్దరికమంతా చొక్కా ఇస్త్రీలోనే ఉంది. అయినా అందరూ నవ్వారు.

నేను లేచాను. "రాయండి సార్. మా నాయన తొట్టి అడిగినాడు. ఈ అన్న, గొర్లు ఓటేస్తాయా అన్నాడు. అందరూ నవ్వినారు. మూడూ రాయండి."

"నిన్ననే రాసేసినా కదమ్మా!" అని నోరు జారాడు కార్యదర్శి.

వెనక నుంచి ఒక అవ్వ అందుకుంది. "నిన్ననే రాసుకుంటే ఈపొద్దు మమ్మల్ని ఎందుకు పిలిస్తివి సామీ?"

ఈసారి నవ్వు అటు తిరిగింది. నాయకుడి ముఖం మాడిపోయింది. ఆయన కార్యదర్శి చెవి దగ్గరికి వంగి, అందరికీ వినిపించేలాగే, "తొట్టి రాయి. నా మాట వద్దులే" అన్నాడు.

"ఎట్ల వద్దు?" అన్నాడు నాయన. "నేను అన్నది రాసి ఆయప్ప అన్నది ఇడిసిపెడితే తప్పు కదా. రెండూ రాయి."

రాశాడు. పాత తీర్మానం కొట్టేసి, చెమట తుడుచుకుంటూ, అక్షరం అక్షరం రాశాడు.

నాయన వేలిముద్ర వేసేముందు నాతో చదివించుకున్నాడు. 'సభలో నవ్వులు' అన్నచోట నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆడ ఇంగోసారి చదువు" అన్నాడు.