గట్టు కాని గోడ

నిరుడు శ్రావణంలో, విడవని ముసురు తర్వాత, నాందేడ్ శివారు కాలనీలో గంగాబాయి ఇంటి వెనక ప్రహరీ పడిపోయింది. ఆమె ఫోన్ చేస్తే వెళ్లాను. ఇటుకలూ నల్లమట్టీ కలిసి పక్కింటి శాంతాకాకూ పెరట్లో పరుచుకొని ఉన్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాకూ బట్టలుతికే బండ మాత్రం ఆ మట్టి కింద పోయింది.

"అగ బాయి, భింత్ కుఠే గేలీ?" అంటోంది కాకూ మరాఠీలో, గోడ ఎటు పోయిందని. గంగాబాయి దృష్టి గోడ మీద లేదు. గంప పట్టుకుని నిలబడి, "కాకూ, జర ఇటు జరుగు. గా మట్టి తొక్కకు" అంటోంది.

నేను ఇళ్లకు తోటలు గీసిచ్చి, దగ్గరుండి వేయిస్తాను. అంతకుముందు ఇక్కడినుంచే ఒక తెలుగు దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. ఏ గొడవలోనైనా రెండు పక్షాలనూ అడగడం అప్పుడు పట్టుబడిన అలవాటు. తోటల పనిలో దానివల్ల పొద్దు గడుస్తుంది, పని గడవదు.

గంగాబాయి, ఆమె భర్త పోశెట్టి తెలంగాణ సరిహద్దున మర్ఖేల్ దగ్గర సేద్యం చేసినవాళ్లు. పోశెట్టి మోకాళ్లు మొరాయించాక చేను అమ్మి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. వెనక ఖాళీ జాగాలో తోట కావాలని నన్ను పిలిచారు. అమ్మిన చేలోంచి పిడికెడు మట్టి మూటగట్టి తెచ్చుకున్న వేరేవాళ్లను చూశాను. ఈమె చేను చేతులు మారకముందే రెండు ట్రాలీల మట్టి తోలించింది.

"పిడికెడు మట్టిల ఏం మొలుస్తది తమ్మీ? దేవుని కాడ పెట్టి మొక్కనీకేనా?" అంది నాతో.

"రెండు ట్రాలీలు తెచ్చినవు, చేను మొత్తం తేకపోయినవ్?" అన్నాడు పోశెట్టి మంచం మీదినుంచి.

"నువ్వు అమ్మకపోతే తెచ్చేదాన్ని కాదు."



నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పంటకు మంచిదే, గోడ పక్కన మాత్రం నమ్మకూడదు. అందుకే నా లేఅవుట్‌లో, అంటే ఏది ఎక్కడ రావాలో చూపే గీతలో, ఆమె మట్టిని పెరడు నడుమ మళ్లుగా వేశాను. గోడ వెంట కంకర మాత్రమే. కాకూ పెరడు పల్లం కాబట్టి గోడ అడుగున వీప్ హోల్స్ కూడా పెట్టించాను. వాన నీరు గోడ వెనక నిలవకుండా బయటికి పోవడానికి వదిలే చిన్న రంధ్రాలవి. వాటిని మూయొద్దని చెప్పాను. గంగాబాయి తలూపింది.

గోడ పడ్డాక ఇటుకలు ఏరుతుంటే రంధ్రాల్లో కుక్కిన పాత చీర పేలికలు, రాళ్లు బయటపడ్డాయి. కంకర ఒక మూలకు చేరింది. దాని చోట మళ్లలోని మట్టి నడుమెత్తున గోడకు ఎగదోసి ఉండింది. దాని మీద చిక్కుడు తీగ.

"ఎందుకక్కా మూసినవ్?" అని అడిగాను.

"మూయకపోతే ఎట్ల? వాన పడ్డప్పుడల్లా నా మట్టి కాకూ ఇంట్లకు పోవట్టె. గట్టుకు గండి పడితే చూస్తూ కూసుంటరా ఎవరన్న?"

చేలో మట్టిని గట్టుకు ఎగదోస్తారు, గట్టు మీద చిక్కుడు పెడతారు, గండి పడితే ఆ పూటే పూడుస్తారు. బతుకంతా చేసిన పనే ఆమె ఇక్కడా చేసింది. నీరు పోయే దారిలేక, ఉబ్బిన మట్టి గోడను నెట్టేసింది.

కాకూను కూడా అడిగాను. నాందేడ్‌లో పుట్టి పెరిగిన ఆమెకు తెలుగు బాగానే వస్తుంది. "నాకు గోడ కావాలె, నా బండ కావాలె. మట్టి ఆమెదే, ఒక్క గంప నాకొద్దు" అంది. గంగాబాయి గంపలతో ఎత్తి, పోశెట్టి స్కూటర్ పెట్టుకునే చోట, గేటు దగ్గర కుప్ప పోసింది. బండ దొరికింది. అడుగున కాకూ నేలతో కలిసిపోయిన మట్టి మాత్రం చేతికి రాలేదు. ఏది ఎవరిదో విడదీయడం ఇద్దరివల్లా కాలేదు.

మేస్త్రీ ఆ మట్టి ఇంటి ఆవరణలో విడిగా ఉన్నంతకాలం గోడ కట్టనన్నాడు, మళ్లీ పడితే మాట తనకొస్తుందని. గంగాబాయి నా మీద నమ్మకముంచినా, నాకు ఆమె మీద లేదు. మళ్లు వేస్తే మళ్లీ గోడకే ఎగదోస్తుంది. పెద్ద సిమెంటు కుండీల్లో నింపుదామన్నాను.

"చేనును కుండీల పెడ్తవా తమ్మీ?" అంది. కోపంగా కాదు. కుండీల మాట అక్కడే ఆగింది.

అప్పటినుంచి కొత్త ఇంటికి వెళితే కొలతల టేపు తీయకముందు, మీతో ఏం తెచ్చుకున్నారని అడుగుతున్నాను. చాలామంది ఏమీ లేదంటారు. నేను నమ్మను.

ఈ ఏడు తొలకరికి గేటు దగ్గరి కుప్ప మీద జొన్న మొలిచింది. ఎవరూ విత్తలేదు. కాకూ పెరట్లో, బండ పక్కన కూడా మొలిచింది. కాకూ పీకలేదు, గంగాబాయి అడగలేదు. పోశెట్టి స్కూటర్ వీధిలో తడుస్తోంది. గోడ ఉండిన చోట ఇంకా పచ్చ వలే కట్టి ఉంది.