గోబిగడ్డ తొక్కు

నిజాం రాజ్యంలో, వానలు మొండికేసిన ఒక యేడు, మా అత్త చిగుళ్ళు వాచి నెత్తురు కారడం మొదలైంది. జొన్నరొట్టె కొరికితే కొరికినచోట ఎర్రటి మరక. పెరడు ఎండిపోయి ఇంట్లో ఆకుకూర అన్నదే లేదు. జొన్నరవ్వతో పలుచగా గట్క కాచి ఇస్తే అదీ సగం వదిలేసేది. మనిషి చిక్కి కట్టెపుల్లయింది. నాకు గుబులు పట్టుకుంది. పొద్దస్తమానం తిట్టినా సరే, అత్తింట్లో నాకున్న పెద్దదిక్కు ఆమే.

రామన్నపేట దగ్గరి మా ఊరి నుంచి బండి కట్టుకుని నల్లగొండ దవాఖానకు పోయాం. అక్కడి నర్సమ్మ అత్త నోరు చూసి, దవాఖాన తోటలోంచి ఒక గోబిగడ్డ, అదే క్యాబేజీ, కోసి నా ఒళ్ళో పెట్టింది.

"గిది తినిపియ్యి. ఉడకబెట్టకు బిడ్డా, పచ్చిదాంట్లనే సత్తువుంటది" అంది.

ఆ సత్తువను సి విటమిన్ అంటారని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

ఇంటికి రాగానే అత్త మొదలుపెట్టింది. "పచ్చాకు మేయనీకి నేనేమన్న బర్రెనా? మెత్తగ ఉడకబెట్టు."

సగం గడ్డ ఉడికించి, నీళ్ళు వార్చి పెట్టాను. తిన్నది, గుణం లేదు. నాలుగు రోజులు చూసి, మిగతా సగం కూడా పొయ్యి మీద పెట్టమంది. నాకు ఒళ్ళు మండింది.

"ఉల్లిగడ్డ పచ్చిదే తింటవు, మిరపకాయ పచ్చిదే తింటవు. గిదేం పాపం చేసింది అత్తా?"

అత్త మొహం అటు తిప్పుకుంది. ఆ సందు చాలు నాకు. సన్నగా తరిగి, ఉప్పేసి, రోట్లో కచ్చాపచ్చాగా పచ్చడిలా దంచాను. పుండ్లు మండుతాయని మిరపకాయ వెయ్యలేదు, పక్కింటి మజ్జిగ కలిపాను.

"కారం లేని తొక్కేంది పిల్లా" అని సణుగుతూనే గిన్నె ఖాళీ చేసింది.

ఆ తర్వాత మా ఊరివాళ్ళెవరు నల్లగొండ పోయినా నర్సమ్మ ఒక గడ్డ ఇచ్చి పంపేది. నేను దంచేదాన్ని, అత్త తిట్టుకుంటూ తినేది. మెల్లగా వాపు దిగింది.

ఒక పొద్దున రొట్టె కావాలంది. ముందుపళ్ళతో కొరికి, కొరికిన అంచును వెలుగులో తిప్పి తిప్పి చూసుకుంది. మరక లేదు. మిగిలిన రొట్టెను రెండు ముక్కలు చేసి, ఒకటి నా వైపు జరిపింది.

"నువ్వు తిన్నవా బిడ్డా?"

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. రొట్టె అందుకుని, కళ్ళు తుడుచుకుంటూ అత్త పక్కనే కూర్చుని తిన్నాను.