గుండీలమ్మ ఇల్లు మారింది

రెడీమేడ్ బట్టల దుకాణంలో ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం, ఊడిన గుండీలు వేయడం ఆమె పని. అక్కడ అందరూ ఆమెను గుండీలమ్మ అనేవారు. కాపురమేమో నగరానికి ఆ చివర. రోజూ ఒక బస్సు, రెండు రైళ్ళు మారితే గాని చేతికి సూది వచ్చేది కాదు.

లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త చెప్పులరిగేలా తిరిగి, చివరికి ఓ స్టేషన్ ఎదురుగానే ఫ్లాటు అద్దెకు పట్టాడు. వంటింటి కిటికీ తెరిస్తే ప్లాట్‌ఫారం మీద తల దువ్వుకునేవాళ్ళు కూడా కనబడతారు. దుకాణం అక్కణ్ణించి ఒక్క స్టేషన్ దూరం.

"అదృష్టమంటే నీదే," అన్నారు తోటివాళ్ళు. ఆమె కూడా అలాగే అనుకుంది.

మొదట్లో హాయిగా నిద్రపోయింది. ఆ తర్వాత కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. వంట ముగించి చూస్తే బయట ఇంకా వెలుతురే. ఆ సాయంత్రాన్ని ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. మంచాన్ని ఓ రోజు కిటికీ వైపు, మర్నాడు గోడ వైపు జరిపింది. ఉతికిన కర్టెన్లే మళ్ళీ ఉతికింది.

"కాళ్ళకు చక్రాలేమైనా కట్టుకున్నావా? కాసేపు కూర్చో," అన్నాడు భర్త.

"కూర్చుని ఏం చేయను?"

"నాతో మాట్లాడు."

కూర్చుంది. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. పాత ఇంట్లో ఆమె వచ్చేసరికి ఆయన కునికిపాట్లు పడుతుండేవాడు. "తిన్నారా?", "తలుపేశావా?" అన్న మాటలతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చారు.

"కుళాయి కారుతోంది," అన్నాడాయన చివరికి.

"చూశాను," అందామె.

పాత దారిలో, రైల్లో మాటలకు కరువే ఉండేది కాదు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఓ పెద్దావిడ రోజూ పక్కన చోటు ఆపి ఉంచేది. గుండీలమ్మ ఆవిణ్ణి అక్కా అని పిలిచేదే గాని, ఫోన్ నంబరు కూడా తీసుకోలేదు. రోజూ కనిపించే మనిషికి నంబరెందుకు?

ఓ సాయంత్రం తన స్టేషన్‌లో దిగుదామని లేచింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. కాళ్ళు కదల్లేదు. అలాగే వెళ్ళి, రెండో రైలు మారే చోట దిగి, ఎప్పుడూ ఎక్కే పెట్టెలోనే ఎక్కింది.

అక్క అక్కడే ఉంది. ఎవరో అమ్మాయి ఆవిడ భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది.

"అరె, గుండీలూ! ఇటెక్కడికి?" అంది అక్క, ఆ పిల్ల లేవకుండా మెల్లగా.

"ఏదో పనుండి అక్కా."

"కొత్తిల్లు బాగుందా? హాయిగా బయటపడ్డావు. నేనే ఈ పెట్టెలో ముసలిదాన్నవుతున్నా."

గుండీలమ్మ నవ్వింది గాని, నిలబడ్డ చోట ఇబ్బందిగా అనిపించింది. తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి వచ్చేసింది.

స్టేషన్ గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి ఆమెది.

"ఫోనెత్తవేం? గుండె జారిపోయింది నాకు!"

"పాత దారిన వెళ్ళొచ్చాను. ఇంట్లో ఊపిరాడట్లేదండీ."

"నేనేమన్నా అన్నానా?"

"మీరేమీ అనరు. అదే కదా నా బాధ."

"నాకూ తోచట్లేదు. నీకు అడ్డమొస్తున్నానేమో అనిపిస్తోంది," అన్నాడు.

ఇంటికి వెళ్ళాలనిపించక ఇద్దరూ దుకాణం వైపు నడిచారు. ఆ రోజు లిఫ్టులో ఇరుక్కున్న ఒకావిడ తలుపు తెరిచేదాకా తనను తిట్టిపోసిందని చెప్పాడు.

"ఏమని తిట్టింది?"

దారి పొడుగునా అవన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పాడు.

ఆమె స్థిమితపడిందని అనలేను. సెలవు రోజంటే ఇప్పటికీ గండమే. మిగతా సాయంత్రాలు మాత్రం ఇద్దరూ పక్క స్టేషన్ దాకా నడిచి, రైల్లో తిరిగొస్తారు. సీట్లు ఖాళీగా ఉన్నా ఆమె కూర్చోదు.