నోటిమాటగా పెట్టిన కాషన్

1986 జూలైలో నన్ను బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని ఒక ప్రైమరీ పాఠశాలలో ఒకటో తరగతి బి సెక్షనుకు వేశారు. అప్పటికి నాకు పదేళ్ల సర్వీసు. హోదా అసిస్టెంట్ టీచరు. అంతవరకూ నాలుగు, అయిదు తరగతులకే పాఠాలు చెప్పాను. ఒకటో తరగతిని కొత్తగా చేరినవాళ్లకో, హెడ్మాస్టరుకు గిట్టనివాళ్లకో ఇవ్వడం మా బడిలో ఆనవాయితీ. నేను రెండో రకం. అక్షరాలు దిద్దించడానికి పదేళ్ల సర్వీసు కావాలా అని లోలోపల గొణుక్కుంటూనే హాజరు పట్టీ అందుకున్నాను.

ఆ రోజుల్లో రైల్వే బడులు డివిజన్ ఆఫీసులోని పర్సనెల్ బ్రాంచి కింద ఉండేవి. డ్రైవర్ల సెలవులు, ఫిట్టర్ల ప్రమోషన్లు చూసే గుమాస్తాలే మా ఫైళ్లూ చూసేవారు. చదువు ఎలా ఉన్నా కాగితం పక్కాగా ఉండాలి. ఒకటో తరగతికి సెప్టెంబరులో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి మౌఖిక పరీక్షలు. బొమ్మ చూసి నాలుగు మాటలు చెప్పాలి, హిందీ వాచకంలో అయిదు వాక్యాలు చదవాలి. సెప్టెంబరులో తప్పినవాళ్ల పేర్లు డిటెన్షన్ లిస్టుకెక్కుతాయి. దానిమీద తండ్రి సంతకం, హెడ్మాస్టరు సంతకం పడ్డాక డివిజన్ ఆఫీసుకు వెళ్తుంది. లిస్టులో ఉన్న పిల్లయినా, ఏప్రిల్‌లో తప్పిన పిల్లయినా మళ్లీ అదే తరగతి చదవాల్సిందే. అదే తరగతిలో రెండోసారి కూడా తప్పితే బడి నుంచి పేరే కొట్టేసేవారు.

పైడితల్లికి అది రెండో ఏడు. వయసు ఏడేళ్లు. తండ్రి అప్పలరాజు డీజిల్ అసిస్టెంటు, అంటే గూడ్సు ఇంజన్లో డ్రైవరు పక్కన కూర్చుని సిగ్నళ్లు పైకి పలికేవాడు. తల్లి రైల్వే ఆసుపత్రిలో ఆయా. ఇద్దరూ డ్యూటీలో ఉంటే పిల్లకు దిక్కు నాయనమ్మ నరసమ్మ. బొబ్బిలి వైపు మనిషి, కొడుకు దగ్గరికి వచ్చి నాలుగేళ్లయినా హిందీ ముక్క రాదు. పైడితల్లి విరామంలో తెలుగు పిల్లలతో గలగలా మాట్లాడేది. తరగతిలోకి రాగానే బెల్లం కొట్టిన రాయి. నేనూ విజయనగరం జిల్లాదాన్నే గనక దాని గొడవ నాకు అర్థమైందనుకున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. ఒకటి తీసేస్తే రెండోది వస్తుంది. ఇంతే కదా అనిపించింది.

ఆగస్టు మొదటి వారంలో క్వార్టర్ల వెంట తిరిగాను. తరగతిలో వెనకబడిన పన్నెండుమంది ఇళ్లకు వెళ్లి ఒకే మాట చెప్పాను. ఇవాళ్టి నుంచి పిల్లలతో ఇంట్లో హిందీయే మాట్లాడండి, ఇంటి భాష ఆపేయండి అని. అప్పలరాజు ఇంట్లో ఆ సలహా శుభ్రమైన తెలుగులో ఇచ్చాను. అందులో విడ్డూరం నాకు అప్పుడు తట్టలేదు. నరసమ్మ గుమ్మం పక్కన నిలబడి తలూపింది. రెండు నిమిషాల్లో పని ముగించుకుని పక్క క్వార్టరుకు వెళ్లిపోయాను.

నెల తిరిగేసరికి పైడితల్లి విరామంలో కూడా మాట్లాడడం మానేసింది. తెలుగు పిల్లలు పిలిస్తే చూసి ఊరుకునేది. మంచినీళ్లు కావాలన్నా చేత్తో చూపించేది. సెప్టెంబరు పరీక్షలో మామిడిచెట్టు బొమ్మ ముందు పెడితే పది నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చుంది. నేను ఎర్ర సిరాతో సున్నా వేసి, పక్కన ‘గ్రహణశక్తి తక్కువ’ అని రాసి, పేరు లిస్టుకెక్కించాను. నా సలహా వల్ల ఏదైనా జరిగిందేమోనన్న ఆలోచనే రాలేదు. పిల్లే మొద్దు అనుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికీ సిగ్గుగానే ఉంది.

తండ్రి సంతకం కోసం సెప్టెంబరు చివరి శనివారం మధ్యాహ్నం వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. అప్పలరాజు గూడ్సు బండి డ్యూటీ దిగి వచ్చి స్నానం చేస్తున్నాడు. తల్లి డ్యూటీలో ఉంది. వరండాలో నరసమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎదురుగా పైడితల్లి కూర్చుంది. నన్ను చూసి నరసమ్మ లేచి, పీట వేసి, చేతులు జోడించింది. నోరు మెదపలేదు. కాసేపటికి కంచం తెచ్చి గరిటెతో రెండుసార్లు తట్టింది. పిల్ల లేచి వచ్చి అన్నానికి కూర్చుంది. పెట్టడం, తినడం, కడగడం అన్నీ మాట లేకుండానే జరిగాయి. ముసలావిడకు గొంతు జబ్బు చేసిందేమోననుకున్నాను.

అప్పలరాజు బయటికి రాగానే ఆవిడకేమైందని అడిగాను. అతను తల్లివైపు తిరిగి, “పంతులమ్మగారితో మాటాడమ్మా, ఫర్వానేదు” అన్నాడు. నరసమ్మ పిల్ల లోపలికి వెళ్లేదాకా ఆగింది.

“తవఁరే గదమ్మా సెప్పినారు, ఇంట్లో తెలుగు మాటాడితే గుంటకి సదువు రాదని,” అంది. “నాకు ఇందీ రాదు. మరేటి సేత్తాను? నోరు మూసుకున్నాను. ఈ ఏడు గాని తప్పిందంటే పేరు కొట్టీస్తారంట గదా. అందుకే ఉగ్గబట్టుకున్నాను. మరింకెన్నాళ్లమ్మా?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఏడు వారాలుగా ఆ పిల్లకు బడి నుంచి వచ్చాక చీకటి పడేదాకా వినబడిన మాట ఒక్కటీ లేదు. తల్లిదండ్రులు వచ్చాక వినబడేది హిందీ. వాళ్ల హిందీ డ్యూటీకీ బజారుకీ సరిపోయే హిందీ. ఖాలో, సోజా, చుప్ బైఠ్. తిను, పడుకో, మాట్లాడక కూర్చో, అంతే. నేను భాష మార్చమన్నాననుకున్నాను. ఆ ఇంట్లో జరిగింది మాట ఆగిపోవడం. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, అదే నా పని.

నా సలహా తప్పనీ, ఈ క్షణం నుంచి పిల్లతో ఎంత మాట్లాడితే అంత మంచిదనీ నరసమ్మకు చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నన్ను ఊరడించడానికి అంటున్నారా అన్నట్టు చూసింది. అప్పుడు అప్పలరాజు మర్యాదగానే ఒక మాట అన్నాడు.

“అమ్మ ఇలాగ వినదు మేడమ్. ఇది మీరు పెట్టిన కాషన్. పెట్టినోళ్లే తియ్యాల. కాయితం మీద రాసిచ్చీండి.”

కాషన్ ఆర్డర్ అంటే పట్టాలు బాగుచేసేచోట బండి నెమ్మదిగా నడపాలని డ్రైవరుకు రాతపూర్వకంగా ఇచ్చే హెచ్చరిక. అది ఎత్తేయడానికీ కాగితమే కావాలి. పని అయిపోయిందని గ్యాంగ్‌మన్ చెప్పినా, కళ్లకు కనబడినా, ఏ డ్రైవరూ వేగం పెంచడు. ఆ ఇల్లు ఆ పద్ధతిమీద బతుకుతున్న ఇల్లు. నేను నోటిమాటగా పెట్టిన ఆంక్షను వాళ్లు కాగితం మీద ఇచ్చినంత నిక్కచ్చిగా పాటించారు.

బడికి వెళ్లి, బడి పేరున్న కాగితం మీద తెలుగులో రెండు వాక్యాలు రాసి, సంతకం చేసి, తేదీ వేసి, ముద్ర కొట్టి తెచ్చాను. నరసమ్మకు చదువు రాదు. అప్పలరాజు డ్యూటీ కోసం హిందీ అక్షరాలే నేర్చుకున్నవాడు, తెలుగు అక్షరాలు కూడబలుక్కోలేడు. అందుకని నేనే పైకి చదివాను. ఆవిడ కాగితాన్ని మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. ఆ తరవాత లోపలున్న పిల్లను పేరు పెట్టి పిలిచింది. పిల్ల వెంటనే రాలేదు. రెండోసారి పిలిస్తే తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

లిస్టులోంచి పేరు తీయడం అంతకన్నా కష్టమైంది. కొట్టివేత ఉంటే పక్కన కారణం రాసి సంతకం చేయాలి. నేను ‘తరగతి ఉపాధ్యాయిని ఇచ్చిన తప్పుడు సలహా’ అని రాశాను. హెడ్మాస్టరు కళ్లజోడు తీసి, పిల్లకు జ్వరమని రాయమన్నారు. ఇలా రాస్తే నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులోకి ఎక్కుతుందని, సీనియర్ గ్రేడు వెనక్కి పోతుందని చెప్పారు. ఆయనకు నేనంటే గిట్టదని చెప్పాను గాని, ఆ సలహా నా మంచి కోరే ఇచ్చారు. నేను మార్చలేదు. పిల్లకు జ్వరం రాలేదు కదా. గ్రేడు రెండేళ్లు ఆలస్యమైంది.

మిగిలిన పదకొండు ఇళ్లకూ మళ్లీ వెళ్లాను. వాటిలో నాలుగు దగ్గర్లోని మస్తూరీ వైపు నుంచి వచ్చిన, ఇంట్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడే కుటుంబాలు. ఒక గ్యాంగ్‌మన్ భార్య నవ్వి, మీ మాట ఆ రోజే మరిచిపోయామంది. ఆ నవ్వు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

తరగతిలో మొదటి పది నిమిషాలు వాచకం పక్కన పెట్టాను. ఇంట్లో నిన్న ఎవరు ఏం చెప్పారో పిల్లలు చెప్పాలి, ఏ భాషలోనైనా సరే. ఒకరు చెప్పిన దాన్ని హిందీలో ఒక్క వాక్యంగా బోర్డు మీద రాసేదాన్ని. అది చెప్పిన పిల్లే ముందు చదవాలి. తన మాటే గనక అందులో ఏముందో ముందే తెలుసు. తెలిసిన మాటకు అక్షరాలు వెతుక్కోవడం తేలిక. పైడితల్లి దసరా సెలవుల దాకా నోరు విప్పలేదు. సెలవుల తరవాత ఒకరోజు నిలబడి, తెలుగులో, “మా నాయనమ్మ సీర దూడ నమిలీసింది” అంది. తెలుగు పిల్లలు నవ్వారు. నేను హిందీలో రాశాక మిగిలినవాళ్లూ నవ్వారు. పైడితల్లి బోర్డు దగ్గరికి వచ్చి, వేలు పెట్టి, ఒక్కో మాటే చదివింది. దూడకు రాసిన హిందీ మాట దగ్గర ఆగి, మళ్లీ అందుకుంది.

ఏప్రిల్‌లో హెడ్మాస్టరే పరీక్ష తీసుకున్నారు. అయిదు వాక్యాల్లో మూడు చదివింది, నాలుగోది సగంలో వదిలేసింది. సరిగ్గా పాసు మార్కులు వచ్చాయి. పేరు పట్టీలో నిలిచింది.

మూడో తరగతికి వచ్చాక తనంతట తానే వచ్చి తెలుగు అక్షరాలు నేర్పమంది. సాయంత్రాలు మా ఇంట్లో నేర్చుకుంది. ఒక ఆదివారం నరసమ్మ బియ్యం డబ్బాలోంచి ఆ కాగితం తీయించి మనవరాలి చేత చదివించిందట. ‘పైడితల్లితో ఇంట్లో తెలుగులో ఎంతైనా మాట్లాడవచ్చును. ఇంతకుముందు చెప్పినది రద్దు.’ విని, “ఇంతేనా? ఈ రెండు ముక్కలకేనా అన్నాళ్లు ఊరుకున్నాను?” అందని పైడితల్లే నాకు చెప్పింది.

ఆ తరవాత నా సర్వీసంతా చిన్న తరగతులే అడిగి తీసుకున్నాను. ఇంట్లో ఫలానా భాష మానేయండని ఇంకెవరికీ చెప్పలేదు. పిల్లలకు మాట ఒక మనిషి నుంచి వస్తుంది. భాష దాని తరవాతి సంగతి. పిల్లల్ని బడిలో చేర్చుకునే ఫారం అడుగున చేత్తో ఒక గీత గీసి, ఇంట్లో ఈ పిల్లతో ఎక్కువసేపు మాట్లాడేది ఎవరు అని అడిగి రాసుకునేదాన్ని. డివిజన్ ఆఫీసు గుమాస్తా ఒకసారి ఆ గీత ఎవరి అనుమతితో కలిపారని అడిగాడు. రాతపూర్వకంగా అడగండి, రాతపూర్వకంగానే జవాబిస్తానన్నాను. అతను అడగలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ గీత అక్కడే ఉంది.